గడ్డ తగిలినా ఆసుపత్రికి ఎందుకు పోవడం లేదు? (రొమ్ము క్యాన్సర్, స్వీయ పరీక్ష: మన సీమ ఆడవాళ్లు మాట్లాడుకునే చోటు)

విభాగం: ఆడవాళ్ల ఆరోగ్యం

పత్తికొండ టమాటా | శనివారం రాత్రి 8:40

అందరికీ నమస్తే. నేను మా ఊరి పొదుపు సంఘాల లెక్కలు రాస్తాను. అక్టోబర్ అంటే గులాబీ రిబ్బన్ల నెల కదా, మొన్న మీటింగ్‌లో రొమ్ము క్యాన్సర్ గురించి చెప్పించాం. ఏఎన్ఎం మేడమ్ బొమ్మల చార్ట్ విప్పగానే వెనక వరసలో నవ్వులు. ముందు కూర్చున్నవాళ్లు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. "నెలకోసారి ఎవరివి వాళ్లు చూసుకోవాలి" అని ఆమె అనగానే ఒక పెద్దావిడ "ఈ వయసులో ఇంకేం చూసుకుంటాం మేడమ్" అనింది. ఇంక మీటింగ్ అయిపోయినట్టే.

నవ్వినందుకు నాకేం బాధ లేదు. టీ తాగేటప్పుడు ఇద్దరు ముగ్గురు నన్ను పక్కకు పిలిచారు. ఒకరు ఆడబిడ్డ గురించి, ఒకరు చిన్నమ్మ గురించి చెప్పారు. గడ్డ ఉంది, ఉన్నట్టు ఆమెకే తెలుసు, ఏడాది దాటింది, ఎక్కడా చూపించలేదు. చూసుకోవడం తెలియక కాదన్నమాట. తగిలిన తర్వాతే ఎక్కడో ఆగిపోతోంది.

మీలో ఎంతమంది చూసుకుంటారు? గడ్డ తగిలితే మొదట ఎవరికి చెప్తారు? మొహమాటం లేకుండా రాయండి. అసలు పేర్లు అక్కర్లేదు.

ప్రొద్దుటూరు పసిడి | శనివారం రాత్రి 9:05

నాకు 44. హైస్కూల్లో జీవశాస్త్రం చెప్తాను. కణ విభజన అదుపు తప్పితే క్యాన్సర్ అని ఏటా బోర్డు మీద బొమ్మ వేస్తాను. నా సంగతికి వస్తే, స్నానం చేసేటప్పుడు సబ్బు చేత్తో ఎప్పుడైనా చూసుకుంటా. ఏదైనా గట్టిగా తగిలినట్టు అనిపిస్తే వెంటనే చెయ్యి తీసేస్తా. పాప ఇంటర్, ఇంటి లోను, అన్నీ ఒక్కసారి కళ్ల ముందు తిరుగుతాయి. తెలియకపోతే కనీసం టెన్షన్ ఉండదు అనిపిస్తుంది. చదువుకున్నవాళ్లకు అవగాహన ఉంటుందని అనుకునేవాళ్ల కోసం రాస్తున్నా.

మొదట చెప్పేది మా అక్కకి. మా ఆయన మంచివాడే, కానీ భయపడి ఆ సాయంత్రానికి చుట్టాలందరికీ ఫోన్ చేసేస్తాడు.

లెక్కల మనిషి | శనివారం రాత్రి 9:31

అనంతపురం నుంచి. కొంచెం ఎదురు మాట్లాడతాను, ఏమీ అనుకోవద్దు.

స్వీయ పరీక్ష మంచిదని అందరూ అంటారు గానీ దాన్ని సరిగ్గా పరీక్షించిన అధ్యయనం ఒకటుంది. చైనాలోని షాంఘైలో బట్టల మిల్లుల్లో పనిచేసే 2 లక్షల 66 వేల మంది ఆడవాళ్లను రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకు శిక్షణ ఇచ్చి, మళ్లీ మళ్లీ గుర్తుచేసి, పదేళ్ల పైన గమనించారు. 2002లో ఫలితాలు వచ్చాయి. రొమ్ము క్యాన్సర్‌తో చనిపోయినవాళ్లు శిక్షణ ఇచ్చిన గుంపులో 135 మంది, ఇవ్వని గుంపులో 131 మంది. తేడా లేదు. పైగా నేర్చుకున్న గుంపులో క్యాన్సర్ కాని గడ్డలకు బయాప్సీలు (ముక్క తీసి చేసే పరీక్షలు) ఎక్కువయ్యాయి. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా దీన్ని స్క్రీనింగ్ (లక్షణాలు లేనివాళ్లలో జబ్బును వెతకడం) పద్ధతిగా సిఫారసు చేయదు.

అలాంటప్పుడు సంఘం మీటింగ్‌లో "నెలనెలా చూసుకోండి" అని చెప్పి, చూసుకోనివాళ్లదే తప్పు అన్నట్టు మాట్లాడటం ఎందుకు?

ఓపీ చీటీ | శనివారం రాత్రి 10:50

డ్యూటీ దిగి ఇప్పుడే చూశా. కర్నూలు జిల్లాలో సర్జరీ ఓపీలో స్టాఫ్ నర్సుగా చేస్తున్నా. ఏ ఆసుపత్రి అని చెప్పను, అడగొద్దు.

లెక్కల మనిషి గారూ, మీరు చెప్పిన అధ్యయనం నిజమే. కానీ దాన్ని పట్టుకుని "చూసుకుని లాభం లేదు" అంటే నేను ఒప్పుకోను. శిక్షణ లేని గుంపులోని ఆడవాళ్లు కూడా మిల్లు ఉద్యోగులే. గడ్డ తగిలితే చూపించుకునే చోటు వాళ్లకు ఉంది. మా ఓపీకి వచ్చేవాళ్లు అట్లా కాదు. చర్మం చిట్లి, చీము కారి, వాసన వచ్చేదాకా ఆగి వస్తారు. రుమాలు మడిచి జాకెట్టులో పెట్టుకుని వస్తారు. "ఎప్పటి నుంచమ్మా?" అంటే "ఈ మధ్యనే" అంటారు. పక్కనున్న కూతురు మెల్లగా "పోయిన సంక్రాంతి ముందు నుంచి" అంటుంది.

మన దేశంలో రొమ్ము క్యాన్సర్‌తో వచ్చేవాళ్లలో సగానికి పైగా బాగా ముదిరిన మూడో దశలోనో నాలుగో దశలోనో వస్తున్నారు. దేశంలో క్యాన్సర్ కేసులు నమోదు చేసే 11 రిజిస్ట్రీల లెక్కలు 2024లో వచ్చాయి. రొమ్ము దాటకముందే పట్టుకుంటే అయిదేళ్ల తర్వాత బతికున్నవాళ్లు నూటికి 81 మంది. ఒంట్లో వేరే చోట్లకు పాకాక వస్తే 18 మంది. ఈ రెండు అంకెల మధ్య ఉన్న మనుషులను నేను రోజూ చూస్తుంటాను.

ఇప్పుడు ఎక్కువ మంది డాక్టర్లు చెప్పేది కూడా క్యాలెండర్ పెట్టుకుని పూజలా చెయ్యమని కాదు. నీ ఒళ్లు మామూలుగా ఎట్లా ఉంటుందో నీకు తెలిసి ఉండాలి, తేడా వస్తే ఆ వారంలోనే చూపించాలి. అంతే.

ఏ తేడాలో కూడా రాస్తా, ఎవరికైనా పనికొస్తుంది. కొత్త గడ్డ, ముఖ్యంగా నొప్పి లేనిది. చంకలో వాపు. ఒక రొమ్ము ఉన్నట్టుండి పెద్దది కావడం, కిందకు జారడం. చర్మం లోపలికి లాక్కున్నట్టు సొట్ట పడటం. చర్మం మీద చీనీకాయ (బత్తాయి) తొక్కకు ఉన్నట్టు చిన్న చిన్న గుంటలు. మన అనంతపురం, కడప వాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు. చనుమొన కొత్తగా లోపలికి పోవడం (పుట్టుకతోనే అట్లా ఉంటే భయం లేదు), దాని మీద మానని గజ్జిలాంటి పుండు, పిండకుండానే రక్తంలాంటిది కారడం. ఇన్నింటిలో నొప్పి అన్నది లేదు చూడండి. మా దగ్గరికి నొప్పితో పరిగెత్తుకొచ్చే ఆడవాళ్లలో చాలామందికి ఏమీ ఉండదు. నొప్పి లేదు కదా అని ఇంట్లో కూర్చున్నవాళ్లకు ఉంటుంది.

లెక్కల మనిషి | శనివారం రాత్రి 11:14

దీనికి నేను ఒప్పుకుంటున్నా మేడమ్. శరీరం గురించి తెలిసి ఉండటం వేరు, నెలనెలా పరీక్ష వేరు. నా గొడవ రెండోదాని మీదే. ఒక్కటి మాత్రం అడుగుతా: గడ్డ చూసుకోవాల్సింది ఆమేనా, ఆసుపత్రి కాదా? ఇది రేపు రాస్తా.

తాడిపత్రి బండలు | ఆదివారం ఉదయం 6:20

నాకు ఎడమ రొమ్ము తీసేశారు. ఇప్పుడు బాగున్నా. టామాక్సిఫెన్ మాత్ర రోజూ వేసుకుంటా, ఒళ్లు ఉడికినట్టు ఉంటుంది, అంతే.

తగిలిన తర్వాత ఏమవుతుందని వాణ్ణి వీణ్ణి అడగడం ఎందుకు, నేను చెప్తా. గడ్డ నాకు శెనక్కాయ పీకేటప్పుడు తెలిసింది. వంగి లేచేటప్పుడు జాకెట్టు అంచు ఏదో ఒకదానికి రాసుకునేది. మా అత్తకు చెప్పా. ఆమె మంచి మనసుతోనే "పాలగడ్డ మిగిలిపోయి ఉంటుంది" అని ఏదో ఆకు నూరి కట్టింది. నా చిన్నోడికి అప్పటికి తొమ్మిదేళ్లు, ఇంక ఏ పాలు! అయినా కట్టించుకున్నా. కాయ అమ్మేదాకా ఇంట్లో రూపాయి కదలదు, అది అందరికీ తెలిసిందే. అమ్మిన తర్వాత పట్టణంలో ఒక ప్రైవేటు డాక్టర్ దగ్గరికి పోతే, ఆయన చీర మీదనే చెయ్యి పెట్టి చూసి "కొవ్వు గడ్డ, ఏం కాదు" అని మాత్రలు రాసిచ్చాడు. స్కాన్ లేదు, సూది లేదు. డాక్టరే ఏం కాదన్నాక ఇంట్లో ఇంకోసారి డబ్బులు అడిగేది ఎవరిని?

చంకలో కూడా వచ్చాక మా తమ్ముడు బెంగళూరు తీసుకుపోయాడు. కిద్వాయ్ క్యాన్సర్ ఆసుపత్రిలో మన భాష వినిపిస్తూనే ఉంటుంది, అనంతపురం వైపు వాళ్లు అంతమంది ఉంటారు. ముందు కీమో పెట్టి గడ్డను చిన్నది చేసి తర్వాత ఆపరేషన్ చేశారు. ఆ తర్వాత కరెంటు (రేడియేషన్) పెట్టారు. జుట్టు మొత్తం పోయి మళ్లీ వచ్చింది, ఇప్పుడు రింగులు తిరిగి వస్తోంది, అందరూ పార్లర్‌కు పోయినావా అని అడుగుతారు.

అందుకే చెప్తున్నా, డాక్టర్ ఏం కాదన్నా సరే, గడ్డ అట్లనే ఉంటే ఇంకో డాక్టర్ దగ్గరికి పోండి. స్కాన్ రాయమని నోరు తెరిచి అడగండి.

ప్రొద్దుటూరు పసిడి | ఆదివారం ఉదయం 7:45

అక్కా, చదివి కాసేపు ఏం రాయాలో తోచలేదు. ఒకటి అడుగుతా. సూది గుచ్చితే క్యాన్సర్ ఒళ్లంతా పాకుతుందని మా వీధిలో అందరూ అంటారు. మీకు గుచ్చినప్పుడు భయం వెయ్యలేదా?

తాడిపత్రి బండలు | ఆదివారం ఉదయం 8:02

వేసింది. మా పెదనాన్న కొడుకు ఫోన్ చేసి మరీ వద్దన్నాడు. ఇప్పుడు ఆయన భార్యకు నేను స్కాన్ చేయించా.

ఓపీ చీటీ | ఆదివారం మధ్యాహ్నం 1:30

సూదితో పాకదు. సూది పరీక్ష చేయకుండా అది క్యాన్సరో కాదో చెప్పలేం, ఏ రకం క్యాన్సరో అసలే చెప్పలేం. హార్మోన్లకు స్పందించేదా, హెర్2 అనే ప్రోటీన్ ఎక్కువ ఉన్నదా అనే సంగతి ఆ చిన్న ముక్కలోనే తెలుస్తుంది. తాడిపత్రి అక్క వేసుకునే మాత్ర అందరికీ పనిచేసేది కాదు. ఆ పరీక్షలో హార్మోన్ రకం అని వచ్చింది కాబట్టే ఆమెకు రాశారు. పాకుతుందనే మాట ఎట్లా పుట్టిందంటే, ముదిరిన తర్వాత వచ్చినవాళ్లకు సూది వేస్తాం, నాలుగు నెలలకు ఆమె పోతుంది. ఊళ్లో జనం చూసింది సూదినే.

సరైన పద్ధతి మూడు మెట్లు: డాక్టర్ చేత్తో చూడాలి, స్కాన్ గానీ మామోగ్రాం (రొమ్ము ఎక్స్‌రే) గానీ తీయాలి, అనుమానం ఉంటే సూది. వయసు తక్కువైతే అల్ట్రాసౌండ్ మేలు, 40 దాటితే మామోగ్రాం. చీర మీద చెయ్యి పెట్టి చెప్పేది ఈ మూడింటిలో ఎక్కడా లేదు.

అట్లని గడ్డ అనగానే చచ్చిపోతామని అనుకోవద్దు. గడ్డల్లో ఎక్కువ భాగం క్యాన్సర్ కావు. ఆ మాట చెప్పి పంపించే రోజులే మాకు ఎక్కువ.

జమ్మలమడుగు రాయి | ఆదివారం మధ్యాహ్నం 3:10

మగవాళ్లు రాయొచ్చా ఇక్కడ? వద్దంటే తీసేస్తా.

మా అమ్మకు 61. నాతో చెప్పలేదు, నా భార్యతో చెప్పింది. నా భార్య రెండు రోజులు లోపల పెట్టుకుని నాకు చెప్పింది. నేను మా అమ్మను అడిగితే "నీకెవరు చెప్పినారు" అని కోడలి మీద కోపం. ఇప్పుడు ఇద్దరికీ మాటల్లేవు, గడ్డ సంగతి పక్కకు పోయింది. ఎట్లా తీసుకుపోవాలి ఆమెను?

తాడిపత్రి బండలు | ఆదివారం మధ్యాహ్నం 3:25

నువ్వు మాట్లాడొద్దు నాయనా. మీ అమ్మకు చెల్లెలు గానీ, వదినగానీ, ఆమె మాట వినే ఆడమనిషి ఎవరో ఒకరు ఉంటారు. ఆమెకు ఫోన్ చెయ్. ఆమె ఊరికే చూడ్డానికి వచ్చినట్టు రావాలి. నువ్వు బండి, డబ్బులు చూసుకో చాలు. కోడలి ముందు మాత్రం "నువ్వు మంచి పని చేసినావు" అని మీ అమ్మ వినేటట్టు చెప్పు.

పత్తికొండ టమాటా | ఆదివారం మధ్యాహ్నం 3:40

రాయొచ్చు అన్నా, తీసేయొద్దు. మీ జిల్లాకు తిరుపతి దగ్గర కదా. స్విమ్స్ ఆసుపత్రి ఉంది, అలిపిరి దగ్గర టాటా ట్రస్టుల సాయంతో 2022లో మొదలైన క్యాన్సర్ ఆసుపత్రి కూడా ఉంది. మొదటి స్కాన్‌కు అంత దూరం అక్కర్లేదు, కడపలోనే అయిపోతుంది.

కారం దోసె | ఆదివారం సాయంత్రం 5:55

కడప. మా వీధిలో ఆడవాళ్ల సంగతి నేను చెప్తా. మా అత్తమ్మ గానీ, ఖాలా (పిన్ని) గానీ మగ డాక్టర్ అనగానే "అల్లా ఉన్నాడు" అని లేచిపోతారు. ఒకసారి క్యాంపు పెట్టారు. లోపల చూసేది లేడీ డాక్టరే. కానీ గుడ్డ కట్టిన టెంటు, గాలికి ఆ గుడ్డ లేస్తా ఉంది, బయట కుర్చీల్లో మగవాళ్లు కూర్చుని టిఫిన్ చేస్తున్నారు. ఒక్క మనిషి కూడా బుర్ఖా విప్పలేదు. లోపలికి పోయి షుగర్ చూపించుకుని వచ్చారు. పేపర్లో మాత్రం అంతమందికి రొమ్ము పరీక్షలు చేశామని వేసుకున్నారు.

లేడీ డాక్టర్ కోసం ఆగడం తప్పా? అందరూ మమ్మల్నే వెనకబడినవాళ్లు అంటారు.

ఓపీ చీటీ | ఆదివారం రాత్రి 9:20

తప్పేం కాదు. కానీ లేడీ సర్జన్ దొరికేదాకా ఆగుదాం అంటే చాలా ఊళ్లలో నెలలు పడుతుంది. మగ డాక్టర్ చూస్తున్నప్పుడు పక్కన ఆడ నర్సు ఉండాలి, తలుపు వేసి ఉండాలి, ఒక వైపు చూసేటప్పుడు రెండో వైపు కప్పి ఉంచాలి. ఇవన్నీ అడగొచ్చు. అడిగితే మాకు కోపం రాదు. గైనకాలజిస్టు లేడీ డాక్టర్లు ఎక్కడైనా ఉంటారు, మొదటి చూపు వాళ్లతో చేయించుకుని స్కాన్ రాయించుకోవచ్చు. చాలాచోట్ల అల్ట్రాసౌండ్‌కు లేడీ రేడియాలజిస్టు ఏ రోజు వస్తారో ముందే ఫోన్‌లో చెప్తారు.

లెక్కల మనిషి | ఆదివారం రాత్రి 9:48

నేను రాస్తానన్న మాట ఇదే. అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే, 2019 నుంచి 21 దాకా చేసింది. 30 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో ఒక్కసారైనా రొమ్ము క్యాన్సర్ కోసం పరీక్ష చేయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద 0.9 శాతం. నూటికి ఒకరు కూడా లేరు. కేంద్రం 2016లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం 30 నుంచి 65 ఏళ్ల ప్రతి ఆడమనిషినీ అయిదేళ్లకోసారి శిక్షణ ఉన్న ఆరోగ్య కార్యకర్త చేత్తో పరీక్షించాలి.

అట్లా చేస్తే ఫలితం ఉంటుందా అంటే, ఉంటుందని ముంబైలో టాటా మెమోరియల్ వాళ్లు చూపించారు. 1998లో మొదలుపెట్టి, మురికివాడల్లో లక్షన్నర మంది ఆడవాళ్లతో, ఇరవై ఏళ్లు. వాళ్లలో దాదాపు సగం మందిని శిక్షణ పొందిన మహిళా కార్యకర్తలు రెండేళ్లకోసారి, నాలుగు విడతలు చేత్తో చూశారు. మామోగ్రాం లేదు. యాభై దాటినవాళ్లలో రొమ్ము క్యాన్సర్ చావులు దాదాపు 30 శాతం తగ్గాయి. యాభై లోపువాళ్లలో అంత తేడా రాలేదు, అది కూడా చెప్పాలి.

కాబట్టి నేను అనేది, చార్ట్ చూపించి "మీరే చూసుకోండి" అని వదిలేయడం కన్నా, చార్ట్ పట్టుకొచ్చిన ఆ మేడమే చూడాలి. ఆమెకు శిక్షణ ఉంది, ఉద్యోగం అదే.

ఏఎన్ఎం నంబర్ 2 | ఆదివారం రాత్రి 10:35

సార్, ఆ మేడమ్ లాంటిదాన్నే నేను. ఆలూరు వైపు. నా పేరు బయటపెట్టొద్దు.

ఇంటింటి సర్వేకు పోయినప్పుడు ఏం జరుగుతుందో చెప్తా. ట్యాబ్‌లో ప్రశ్న ఉంటుంది: రొమ్ములో గడ్డ ఉందా, చనుమొన నుంచి ఏమైనా కారుతోందా. ఇంటి ముందు అరుగు మీద మామ కూర్చుని బీడీ తాగుతుంటాడు. ఆయన పక్కనే మరిది. కోడలు గడప దగ్గర నిలబడి ఉంటుంది. నేను ఆ ప్రశ్న గట్టిగా అడగాలా? మెల్లగా అడిగినా ఆమె తల అడ్డంగా ఊపుతుంది. "లేదు" అని నొక్కుతాను. తర్వాతి ప్రశ్న. బీపీ, షుగర్, పొగాకు, రక్తహీనత, ఇంకా చాలా ఉంటాయి. సర్వర్ పడిపోతే మళ్లీ మొదటి నుంచి. సాయంత్రానికి పై నుంచి ఫోన్: ఇన్ని ఇళ్లు ఎందుకు కాలేదని.

ఇప్పుడు నేను ఏం చేస్తున్నానంటే, నీళ్లు అడుగుతాను. నీళ్లు తేవడానికి ఆమె లోపలికి పోతుంది, నేనూ వెనకాలే వంటింట్లోకి పోతా. అక్కడ అడుగుతా. అక్కడ చెప్తారు. తెల్లబట్ట గురించి, గర్భసంచి జారడం గురించి, రొమ్ము గురించి, మొగుడు కొట్టేది కూడా. ఒక్కో ఇంటికి ఎక్కువ సేపు పడుతుంది, టార్గెట్ తగ్గుతుంది, తిట్లు పడతాయి. పడనీ.

చేత్తో చూడటం మాకు నేర్పించారు. చూసే గది మాత్రం లేదు. మా ఉపకేంద్రం ఒకటే గది, టీకాల రోజు పిల్లల అరుపులు, కిటికీకి రెక్క లేదు.

లెక్కల మనిషి | ఆదివారం రాత్రి 10:52

మేడమ్, ఇది నాకు ఏ లెక్కల్లోనూ కనిపించదు. ఆ 'లేదు'లన్నీ రేపు పరీక్షించినవాళ్ల లెక్కలోకి పోతాయేమో.

ఏఎన్ఎం నంబర్ 2 | ఆదివారం రాత్రి 10:54

పోతాయి సార్.

ఆదోని జిన్నింగ్ | సోమవారం మధ్యాహ్నం 2:15

పత్తి మిల్లులో పని మాది. మా దగ్గర అందరం డబ్బులూ ఫోనూ జాకెట్టులోనే పెట్టుకుంటాం, చీరకు జేబులుండవు కదా. ఫోన్ పెట్టుకుంటే గడ్డ వస్తుందని యూట్యూబ్‌లో ఒకాయన చెప్పాడు. నల్ల బ్రా వేసుకుంటే వస్తుందని ఇంకొకాయన. నిజమేనా? పాలివ్వనివాళ్లకే వస్తుందని కూడా అంటారు. నేను నలుగురికి ఇచ్చా, నాకు రాదా?

ఓపీ చీటీ | సోమవారం మధ్యాహ్నం 2:50

ఫోన్‌తో వస్తుందని రుజువు లేదు. బ్రా రంగుతో, బిగుతుతో, దెబ్బ తగిలితే రాదు. దెబ్బ తగిలినప్పుడు చెయ్యి పెట్టి చూసుకుంటారు, ముందే ఉన్న గడ్డ అప్పుడు తెలుస్తుంది.

పాలివ్వడం మంచిదే, ఎంత ఎక్కువ కాలం ఇస్తే అంత ముప్పు తగ్గుతుంది. తగ్గుతుంది అంటే రాదని కాదు వదినా. నలుగురికి ఇచ్చినవాళ్లూ మా వార్డులో ఉన్నారు. మొదటి కాన్పు ఆలస్యమైతే, అసలు కాన్పు లేకపోతే, చిన్నప్పుడే పెద్దమనిషై లేటుగా ముట్లు ఆగితే, ముట్లు ఆగాక బాగా బరువు పెరిగితే, తాగుడు అలవాటు ఉంటే ముప్పు కొంచెం ఎక్కువ. అమ్మకో అక్కకో ఉంటే కూడా. కానీ వంశంలో వచ్చేది నూటికి అయిదు నుంచి పది మందికే. "మా ఇంట్లో ఎవరికీ లేదు" అనే ధైర్యం పనికిరాదు. మగవాళ్లకు కూడా వస్తుంది, నూరు కేసుల్లో ఒకటి అంతే. జమ్మలమడుగు అన్న అడగలేదు గానీ చెప్తున్నా.

హాస్టల్ పిల్ల | సోమవారం రాత్రి 11:40

కొత్త ఐడీతో రాస్తున్నా. అనంతపురంలో ఇంజినీరింగ్, 20 ఏళ్లు. కుడి వైపు గోలీ లాంటిది ఉంది. వేలితో నొక్కితే పక్కకు జారిపోతుంది. నెట్‌లో చూస్తే అన్నీ క్యాన్సర్ ఫోటోలే. నాలుగు రోజులుగా నిద్ర లేదు. అమ్మకు చెప్తే చదువు మాన్పించి పెళ్లి అంటుంది. ప్లీజ్ ఎవరైనా చెప్పండి.

ఓపీ చీటీ | మంగళవారం ఉదయం 5:50

పాపా, ఇప్పుడే చూశా. నీ వయసులో జారే గడ్డ అంటే చాలావరకు ఫైబ్రోఅడినోమా. క్యాన్సర్ కాదు, క్యాన్సర్‌గా మారేది కూడా దాదాపు ఉండదు. కానీ నేను ఫోన్‌లో రాసినంత మాత్రాన తేల్చకూడదు. ఒక్క అల్ట్రాసౌండ్ చేయించుకో. రేడియేషన్ ఉండదు, నొప్పి ఉండదు. జనరల్ ఆసుపత్రి సర్జరీ ఓపీలో చీటీ రాయించుకుంటే చాలు. స్నేహితురాలిని తోడు తీసుకుపో. 20 ఏళ్లు అంటే నీ సంతకం నువ్వే పెట్టొచ్చు. రిపోర్టు వచ్చాక అమ్మకు చెప్పాలా వద్దా అనేది నింపాదిగా ఆలోచించు.

నెట్‌లో ఫోటోలు చూడొద్దు.

ప్రొద్దుటూరు పసిడి | మంగళవారం ఉదయం 6:30

పాపా, నీ దగ్గర ఎవరూ లేకపోతే నాకు మెసేజ్ పెట్టు. బస్సెక్కి వస్తా. నిజంగానే అంటున్నా.

కారం దోసె | మంగళవారం ఉదయం 9:15

ఓపీ చీటీ అక్కా, అసలు ఎట్లా చూసుకోవాలో ఒకసారి మామూలు మాటల్లో రాయండి. వీడియోల్లో వాళ్లు బొమ్మ మీద చేస్తారు, మన ఒంటి మీద ఏదీ అట్లా ఉండదు.

ఓపీ చీటీ | మంగళవారం రాత్రి 9:40

నిజమే, నాకూ ఆ బొమ్మలు నచ్చవు.

ఆ నెల ముట్టు అయిపోయిన నాలుగైదు రోజులకు చూడండి, అప్పుడు రొమ్ము మెత్తగా ఉంటుంది. ముట్టుకు ముందు చూస్తే అందరికీ గడ్డలు గడ్డలుగానే తగులుతుంది, అనవసరంగా భయం. ముట్లు నిలిచినవాళ్లు ఏదో ఒక తేదీ పెట్టుకోండి, పెన్షన్ వచ్చే రోజైనా సరే.

మొదట అద్దం. చేతులు కిందకు వదిలి, తర్వాత పైకెత్తి, తర్వాత నడుము మీద గట్టిగా అదిమి చూడాలి. చేతులు ఎత్తినప్పుడే సొట్టలు బయటపడతాయి. ఇంట్లో నిలువుటద్దం లేకపోతే గోడకు తగిలించే చిన్న అద్దం చాలు.

తర్వాత పడుకుని, ఒక చెయ్యి తల కింద పెట్టుకుని, రెండో చేతి మూడు మధ్య వేళ్ల మెత్తటి భాగంతో చూడాలి. వేలి కొనలతో గిల్లకూడదు, అట్లా పట్టుకుంటే మామూలు కొవ్వు కూడా గడ్డలాగే ఉంటుంది. చిన్న చిన్న సున్నాలు చుడుతూ, మొదట మెల్లగా, తర్వాత కొంచెం, తర్వాత పక్కటెముక తగిలేదాకా నొక్కాలి. మెడ కింద ఎముక నుంచి రొమ్ము కింది మడత దాకా, చంక నుంచి ఛాతీ మధ్య ఎముక దాకా ఎక్కడా వదలకూడదు. చంక మర్చిపోతారు అందరూ. చంక వైపు పై భాగంలోనే ఎక్కువ కేసులు ఉంటాయి.

మొదటి రెండు మూడు సార్లు ఏమీ అర్థం కాదు. ఉషాలక్ష్మి బ్రెస్ట్ క్యాన్సర్ ఫౌండేషన్ వాళ్ల యాప్ తెలుగులో ఉంది, అందులో చదువుకోవచ్చు. ఇంకా అనుమానంగా ఉంటే ఒకసారి నర్సును అడిగి చెయ్యి పట్టి చూపించమనండి.

ఆదోని జిన్నింగ్ | బుధవారం మధ్యాహ్నం 1:05

ఖర్చు సంగతి ఎవరూ రాయలేదు. మాకు మొదటి భయం అదే.

తాడిపత్రి బండలు | బుధవారం సాయంత్రం 4:30

ఆపరేషన్, కీమో, కరెంటు, మూడూ ప్రభుత్వ కార్డులో ఉన్నాయి. ఆరోగ్యశ్రీ అన్నారు, ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నారు. ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర కూర్చుని ఉంటారు, వాళ్లను అడగండి, లేదంటే 104కి ఫోన్ చెయ్యండి. పక్క రాష్ట్రానికి పోయేముందు ఆ ఆసుపత్రి మన పథకంలో ఉందో లేదో కనుక్కుని పోవాలి. కర్నూలు వాళ్లు హైదరాబాద్‌లో ఎంఎన్‌జే, బసవతారకం క్యాన్సర్ ఆసుపత్రులంటూ పోతారు, మేము బెంగళూరు, కడప వాళ్లు తిరుపతి, వేలూరు.

కార్డు భరించనిది ఇంకొకటి ఉంది. తోడు వచ్చే మనిషి కూలి, గది అద్దె, ఇంట్లో పిల్లలకు వండేది ఎవరు అనేది. మా తమ్ముడు నాతో ఉన్నన్నాళ్లు వాడి లారీ నిలిచిపోయింది. కీమో మధ్యలో మానేసినవాళ్లను నేను చూశా. అందరూ మందు పడక మానలేదు, తోడు లేక మానేశారు.

పత్తికొండ టమాటా | బుధవారం రాత్రి 8:20

ఇన్ని మాటలు వస్తాయనుకోలేదు. వచ్చే నెల మీటింగ్ మార్చేస్తున్నాం. మా అంగన్‌వాడీ టీచర్ గది ఇస్తానంది, తలుపుకు గొళ్లెం ఉంది. ఏఎన్ఎం మేడమ్ లోపల ఒక్కొక్కరిని చూస్తుంది. కోడళ్లను వేరే రోజు, అత్తలను వేరే రోజు పిలుద్దామని అనుకుంటున్నాం. ఏమంటారు?

ఏఎన్ఎం నంబర్ 2 | బుధవారం రాత్రి 8:45

వేరుగానే పిలవండి. కలిపి పిలిస్తే కోడళ్లు నోరు తెరవరు.

తాడిపత్రి బండలు | బుధవారం రాత్రి 9:00

నేను ఒప్పుకోను. వేరుగా పిలిస్తే ఇంటికి పోయాక "ఏం మాట్లాడుకున్నారు" అని మొదలవుతుంది. నా విషయంలో మా అత్తను కూడా ఎవరైనా కూర్చోబెట్టి "నొప్పి లేని గడ్డే చెడ్డది" అని చెప్పి ఉంటే ఆమె ఆకు నూరేది కాదు, నన్ను ఆటో ఎక్కించేది. ఆమెకు నేనంటే ప్రాణం.

ఏఎన్ఎం నంబర్ 2 | బుధవారం రాత్రి 9:06

మీ అత్త మంచిది అక్కా. అందరికీ అట్లాంటి అత్త దొరకదు.

పత్తికొండ టమాటా | బుధవారం రాత్రి 9:30

సరే, ముందు అత్తలను పిలుస్తాం. డబ్బులు, తోడు, పొలం పనిలో సెలవు, అన్నీ వాళ్ల చేతుల్లోనే కదా. తర్వాత వారం కోడళ్లు. పరీక్ష మాత్రం ఎవరిది వాళ్లకే, రిపోర్టు ఇంకొకరికి చెప్పేది లేదు. కరపత్రం మొదటి లైను ఇట్లా రాశా, చూడండి: "రొమ్ములో నొప్పి గానీ గడ్డ గానీ ఉంటే వెంటనే డాక్టర్‌ను కలవండి."

లెక్కల మనిషి | బుధవారం రాత్రి 9:41

మేడమ్, నొప్పి అనే మాట మొదట పెట్టొద్దు. అది చదివి నొప్పి లేనివాళ్లు ఇంట్లోనే ఉండిపోతారు. "నొప్పి లేకపోయినా సరే, కొత్తగా గడ్డ తగిలితే" అని మొదలుపెట్టండి. కింద యాభై దాటినవాళ్లు తప్పకుండా రావాలని పెద్ద అక్షరాల్లో వేయండి. ఈ వయసులో ఇంకేం చూసుకుంటాం అన్న ఆ పెద్దావిడే మొదట రావాల్సిన మనిషి.

ఓపీ చీటీ | బుధవారం రాత్రి 10:15

దాని కిందే ఏ రోజు, ఏ ఆసుపత్రి, ఎన్నో నంబర్ గదిలో సర్జరీ ఓపీ ఉంటుందో కూడా రాయండి. మా గేటు దగ్గర ఆ గది ఎక్కడో తెలియక వెనక్కి పోయేవాళ్లు చాలామంది ఉన్నారు.